పేరు చెక్కని ఉగ్గుగిన్నె

అనగా అనగా ఒక రాజు. ఏ కథలోనైనా రాజు ఉంటాడు, రాజుకు కోట ఉంటుంది. ఈ రాజుగారి కోటలో మాత్రం ఒక పెద్ద అటక కూడా ఉండేది.

ఆ ఊరి పేరు గవ్వలకోట. రాజు వీరకేతుడు, రాణి మాలినీదేవి. వాళ్ళకు ముగ్గురు కొడుకులు. మొదటివాడికి సూర్యుడి పేరు కలిపి సూర్యకేతు అన్నారు. రెండోవాడికి చంద్రుడి పేరు కలిపి చంద్రకేతు అన్నారు. మూడోవాడు పుట్టేసరికి ఆకాశంలో ఇంకేం మిగిలింది? చుక్కలు మిగిలాయి. వాడికి తారకేతు అని పెట్టారు గానీ, అందరూ చుక్కయ్య అనే పిలిచేవారు.

ముగ్గురికీ వాళ్ళ అమ్మమ్మ మూడు వెండి ఉగ్గుగిన్నెలు తెచ్చింది. అంటే పసిపిల్లలకు పాలు పట్టే చిన్న గిన్నెలు. ఒక పక్క పిచ్చుక ముక్కులాంటి ముక్కు ఉంటుంది. పెద్దవాడి గిన్నె మీద పేరు చెక్కించారు. రెండోవాడి గిన్నె మీదా చెక్కించారు. మూడోవాడి గిన్నె మీద రేపు చెక్కిద్దామన్నారు, ఎల్లుండి చెక్కిద్దామన్నారు. ఈలోగా వాడికి నడక వచ్చేసింది, గిన్నె అటకెక్కింది. ఏ ఇంట్లోనైనా మూడోవాడి పనులు అంతే కదా.

ఏళ్ళు గడిచాయి. సూర్యకేతుకు పెళ్ళి కుదిరింది. కోటకు సున్నాలు వేస్తూ అటక మీది సామానంతా దింపారు. సరిగ్గా అప్పుడే వీధిలో ఒక బండి ఆగింది.

"పాత గంటలు, పాత గిన్నెలు, పాత పెట్టెలు కొంటాం. మీరు వాడనివి మాకివ్వండి, వాడుకునేవాళ్ళకి మేమిస్తాం" అని కేకేశాడు బండివాడు.

అన్నలిద్దరూ సామాను తెచ్చి వాడి ముందు పోశారు. వాడొక వింత వర్తకుడు. ప్రతి వస్తువూ చేతిలోకి తీసుకుని, "ఇది ఎవరిది బాబూ?" అని అడిగేవాడు. "మా తాతగారి గంధపు గిన్నె" అంటే, "తాతగారిదా, ఉంచుకోండి" అని పక్కన పెట్టేసేవాడు. "మా మేనత్త పూలసజ్జ" అంటే, "మేనత్తదా, ఉంచుకోండి" అని పక్కన పెట్టేసేవాడు. చివరికి చిన్న వెండి గిన్నె ఒకటి వాడి చేతికి వచ్చింది.

"ఇది ఎవరిది?"

అన్నలు తిప్పి చూశారు. పేరు లేదు. "అమ్మా, ఈ గిన్నె ఎవరిదే?" అని లోపలికి కేకేశారు.

మాలినీదేవి పసుపు కొట్టిస్తోంది, పట్టుచీరలు లెక్క చూస్తోంది, వంటవాళ్ళతో మాట్లాడుతోంది. తల తిప్పకుండానే, "ఎవరిదీ కాదులే, ఇచ్చెయ్యండి" అంది.

వర్తకుడు నవ్వాడు. గిన్నెను గుడ్డలో చుట్టుకుని, మరి దేనికీ బేరమాడకుండా బండి తోలుకుపోయాడు.

ఆ సాయంత్రం చుక్కయ్య గుర్రపు స్వారీ ముగించుకుని వచ్చాడు. గుమ్మం దగ్గర కాపలా ముసలాయన ఈటె అడ్డం పెట్టాడు.

"ఎవరబ్బాయివి నాయనా?"

తాత వేళాకోళమాడుతున్నాడనుకుని చుక్కయ్య నవ్వుతూ లోపలికి వెళ్ళాడు. అన్నలు లేచి నిలబడి, "ఎవరబ్బాయివి బాబూ? మగపెళ్ళివారివా, ఆడపెళ్ళివారివా?" అని మర్యాదగా అడిగారు. అప్పుడు అతనికి నవ్వు ఆగిపోయింది. తండ్రి దగ్గరికి వెళితే ఆయన కూడా కొత్త మనిషిని చూసినట్టే చూశాడు.

వంటింటి వైపు పరుగెత్తాడు. తల్లి అతని ముఖం చూసింది. ఎండకు వాడిపోయి ఉంది. పీట వాల్చి, పెరుగన్నం కలిపి పెట్టి, ఎదురుగా కూర్చుంది.

"ఎవరబ్బాయివి నాయనా? నీ అంత కొడుకు ఉంటే ఏ తల్లయినా గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. తినేసి తొందరగా ఇంటికి వెళ్ళు, మీ అమ్మ ఎదురుచూస్తూ ఉంటుంది" అంది.

చుక్కయ్య ఆమె వడ్డించినదంతా తిన్నాడు. లేచి, చేయి కడుక్కుని, ఇంటికి వెళ్ళమన్న మాటకు ఏం చేయాలో తెలియక వెనక వాకిట్లో కూర్చున్నాడు.

అప్పుడు గోడ కన్నంలోంచి ఒక ఎలుక బయటికి వచ్చింది. చిన్నప్పుడు చుక్కయ్య బోనులోంచి వదిలేసిన ఎలుకే.

"చుక్కయ్యా, నేను నిన్ను మరవలేదు. అటక మీద ఉన్నదేదీ ఎలుకలు మరవవు" అంది. "వచ్చినవాడు వర్తకుడు కాదు, జీర్ణాక్షుడనే మాంత్రికుడు. ఇంటివాళ్ళ నోట ఒక్క మాట రాబట్టడానికే ఊళ్ళు తిరుగుతాడు. 'ఎవరిదీ కాదు' అని ఇంటివాళ్ళే అంటే, ఆ వస్తువు గలవాడు ఎవరికీ కాకుండా పోతాడు. వాడి మీద ఇంటివాళ్ళకు ఉన్న ముద్దంతా ఆ వస్తువులోకి దిగిపోతుంది. నీ ఉగ్గుగిన్నె అలాగే పోయింది. అలాంటి గిన్నె పట్టుకుంటే గోరువెచ్చగా ఉంటుందట. ముద్దు ఎరగని మారాజులు ఎంతైనా పోసి కొనుక్కుంటారు. ఏడు సముద్రాల అవతల దీవిలో వాడి కొట్టు ఉంది. వచ్చే పున్నమికి సంత. అమ్ముడుపోయిందా, ఇక నువ్వు మీ అమ్మకు ఎప్పటికీ గుర్తురావు."

చుక్కయ్య ఎలుకను తలపాగా మడతలో పెట్టుకుని బయలుదేరాడు. గుమ్మం దాటుతూ, "వెళ్ళొస్తానమ్మా" అన్నాడు. "మంచిది నాయనా" అంది తల్లి, చీరల వైపు తిరుగుతూ.

దారిలో వాన నీటి గుంటలో ఒక సాలెపురుగు కొట్టుకుంటోంది. చుక్కయ్య ఆకు అందించి ఒడ్డుకు చేర్చాడు.

"ఎవరబ్బాయివి నాయనా? నీ మేలు మరవను" అంది సాలెపురుగు.

"గవ్వలకోట వీరకేతు మహారాజుగారి మూడో అబ్బాయిని" అన్నాడు చుక్కయ్య. అంటూంటే ఆ మాటలు అబద్ధంలా వినిపించాయి. సాలెపురుగు కూడా వస్తానంది. భుజం మీద ఎక్కించుకున్నాడు.

సముద్రపు ఒడ్డున ఒక పెద్ద తాబేలు వెల్లకిలా పడి ఉంది. చుక్కయ్య దాన్ని తిప్పి నిలబెట్టాడు.

"ఎవరబ్బాయివి నాయనా?" అంది తాబేలు.

చుక్కయ్య "ఎవరి అబ్బాయినీ కా..." అని మొదలుపెట్టేసరికి తాబేలు కాలితో ఇసుక చిమ్మి అతని మాట ఆపింది.

"ఆ మాట నీ నోటితో నువ్వు అనకు. ఊరంతా అన్నా తిరుగుంది, నువ్వంటే తిరుగులేదు. ఎక్కు, నువ్వు వెళ్ళే దీవికి తీసుకెళ్ళి తీసుకొస్తాను. ఒక్క సంగతి గుర్తుంచుకో. ఈ నీళ్ళు దాటేవాళ్ళకు ఇల్లు కొంచెం కొంచెంగా జారిపోతుంది."

అలాగే అయింది. మొదటి సముద్రం దాటేసరికి ఊరి వీధులు మరిచిపోయాడు. రెండోది దాటేసరికి చిన్ననాటి స్నేహితుల పేర్లు, మూడోది దాటేసరికి గుర్రం రంగు పోయాయి. నాలుగోది దాటేసరికి అన్నల గొంతులు పోయాయి. అయిదోది దాటేసరికి తండ్రి ముఖం పోయింది. ఆరో సముద్రం మీద అతనితో మాట్లాడేవాళ్ళు కూడా లేరు. ఎలుక నిద్రపోయింది, సాలెపురుగు ముడుచుకుంది, తాబేలు తల నీళ్ళలో ఉంది. చుట్టూ నీళ్ళు, పైన ఆకాశం. చుక్కయ్య తనను తానే పిలుచుకున్నాడు, "చుక్కయ్యా, చుక్కయ్యా" అని. ఎవరి పేరు ఎవరు పిలుస్తున్నారో అన్నట్టుగా ఉంది. ఏడో సముద్రం దాటేసరికి ఒక్కటే మిగిలింది. తినేసి తొందరగా ఇంటికి వెళ్ళు అన్న గొంతు. దాన్ని గట్టిగా పట్టుకుని దీవిలో దిగాడు.

జీర్ణాక్షుడి కొట్టు కొండంత ఉంది. మోగని గంటలు, తూగని ఉయ్యాలలు, తాళాలు పోయిన పెట్టెలు, ఎవరూ చూసుకోని అద్దాలు. వాటి మధ్య ఒక అమ్మాయి గుడ్డ పట్టుకుని దుమ్ము దులుపుతోంది.

"గిన్నె కావాలా?" అన్నాడు జీర్ణాక్షుడు. "మూడు పనులు చెయ్యి, తీసుకుపో. ఒక్కటి తప్పినా ఈ అమ్మాయిలాగే నువ్వూ నా కొట్టులో సామానువే. ఈమె రెండు పనులు చేసింది, మూడో దానిలో పోయింది."

మొదటి పని. నేల మీద దీపపు కుందెలు వరసగా పెట్టాడు. అన్నీ నల్లగా కిలుం పట్టి ఉన్నాయి. "వీటిలో నిజంగా పాతది ఒక్కటే. మిగతావి కొత్తవి కొని పేడలో పాతి పాత చేశాను. ఏది?"

అమ్మాయి దుమ్ము దులుపుతూ పక్కగా వచ్చింది. "చేయి పడే చోట చూడండి" అని గొణిగింది. చుక్కయ్య ఒక్కొక్కటే తడిమాడు. అన్నీ అన్ని పక్కలా ఒకేలా మాసి ఉన్నాయి. ఒక్కదానికి మాత్రం, రోజూ వత్తి ఎగదోసే వేలు తగిలే చోట, అంచు చిన్న గుంటలా అరిగి ఉంది. "ఇదే" అన్నాడు. అదే.

రెండో పని. గంపెడు ఉగ్గుగిన్నెలు కుమ్మరించాడు. ఒక్కదాని మీదా పేరు లేదు. అన్నీ తళతళ మెరుస్తున్నాయి. "నీది ఏరుకో."

ఎలుక తలపాగాలోంచి దిగి, ఒక్కో ముక్కూ వాసన చూసి, ఒకదాని దగ్గర కూర్చుంది. "ఈ సొట్టలు చూడు. పళ్ళు వచ్చేటప్పుడు కొరికేవాడివి. నీ కింది రెండు పళ్ళ మధ్య సందు ఇదిగో, ఇక్కడ కూడా ఉంది. పళ్ళ పని గురించి ఎలుకకు చెప్పాలా?" అంది. గిన్నె చేతిలోకి తీసుకోగానే గోరువెచ్చగా తగిలింది. అదే.

జీర్ణాక్షుడి ముఖం ముడుచుకుంది. "మూడో పని. నా కొట్టులో అన్నిటికన్నా విలువైనది ఏదో చెప్పు." అంటూ గిన్నె లాక్కున్నాడు.

బంగారు సింహాసనం ఉంది, రత్నాల పల్లకి ఉంది, దంతపు మంచం ఉంది. అమ్మాయి తల అడ్డంగా ఊపింది. సింహాసనం అని చెప్పే ఆమె ఓడిపోయింది. చుక్కయ్య భుజం మీది సాలెపురుగు కొట్టంతా ఒకసారి తిరిగి వచ్చి చెవిలో చెప్పింది. "ఇక్కడ మావాళ్ళు గూడు కట్టని వస్తువు లేదు, ఒక్క కొయ్య చిలుక తప్ప. ఈ అమ్మాయిని కూడా ముట్టనివ్వడట. తనే రోజూ తుడుస్తాడట. వాడి ప్రాణం అందులోనే ఉంది. కానీ ఆ చిలుక పేరు చెప్పావంటే, చెప్పిన క్షణమే చంపేస్తాడు."

చుక్కయ్య సింహాసనం చూశాడు, పల్లకి చూశాడు, మంచం చూశాడు. ఊరికే చూసినట్టు చిలుక దగ్గర ఆగాడు. పాత సామాన్ల బేరగాళ్ళకు ఒక అలవాటు ఉంది. తమకు ముద్దైన వస్తువును నలుగురిలో చులకన చేసే మాట్లాడతారు, ఎవరి కన్నూ పడకుండా.

"ఈ చిలుక బాగుందే" అన్నాడు.

"అదా? కాలు విరిగింది, రంగు పోయింది. పొయ్యిలోకి కూడా పనికిరాదు."

"పిల్లలు ఆడుకుంటారు. మా ఊరు తీసుకుపోనా?"

"చిల్లర సామాను నేను అమ్మను. సింహాసనం చూడవయ్యా."

"అమ్మనివాళ్ళు ఎందుకు పెట్టుకున్నారండీ? మీవాళ్ళెవరిదైనానా?"

"నాకెవరున్నారు?"

"అయితే మీదే. చిన్నప్పటిది కాబోలు. అందుకే దీని మీద దుమ్ము లేదు."

జీర్ణాక్షుడికి గుట్టు బయటపడుతోందని కంగారు, ఎన్నో ఏళ్ళ బేరగాడి నోటి అలవాటు, రెండూ ఒక్కసారే వచ్చాయి. "నాది కాదు. ఎవరిదీ కాదు. అక్కడ పడి ఉంది, అంతే" అన్నాడు.

కొయ్య చిలుక కన్ను తెరిచింది. రెక్క విదిల్చింది. కుంటి కాలితోనే ఎగిరి, కిటికీలోంచి ఆకాశంలోకి వెళ్ళిపోయింది.

మాంత్రికుడు తన చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. "ఈ కొట్టు ఎవరిది? నేనెవరిని?" అన్నాడు. ఆ ప్రశ్న ఎలా ఉంటుందో చుక్కయ్యకు తెలుసు. జాలిపడి, "మీరు జీర్ణాక్షులు" అని చెప్పాడు. అప్పటికే ముసలాడు దుమ్మైపోయి తన సామాను మీదే రాలిపోతున్నాడు.

ఆ అమ్మాయికి పేరు గుర్తొచ్చింది. హేమలేఖ. చుక్కయ్య గిన్నెతో పాటు, ఆమెను ఎవరికీ కాకుండా చేసిన చందనపు దువ్వెన కూడా దొరికింది. అయితే ఆ దీవిలో కాలం కదలదు. ఆమె వచ్చాక ఆమె ఊళ్ళో మూడు తరాలు గడిచిపోయాయి. గుర్తుపట్టాలన్నా గుర్తుపట్టేవాళ్ళు లేరు.

"అయితే మా ఊరు రండి" అన్నాడు చుక్కయ్య.

"అక్కడ నన్ను ఎవరమ్మాయివని అడిగితే?"

చుక్కయ్య చేయి అందించాడు. ఆమె అది పట్టుకుని తాబేలు మీద ఎక్కింది. దారి పొడవునా దీవులలో, రేవులలో ఎవరి వస్తువులు వాళ్ళకు ఇచ్చుకుంటూ వచ్చారు. ఒక్కో సముద్రం దాటుతుంటే అతనికి ఇల్లు తిరిగి గుర్తొచ్చింది. ఆమె నీళ్ళ వైపే చూస్తూ కూర్చుంది.

గవ్వలకోట గుమ్మంలో మాలినీదేవి నిలబడి ఉంది. జీర్ణాక్షుడు పోయిన రోజే ఆమెకు కొడుకు గుర్తొచ్చాడు, ఆ రోజునుంచి అక్కడే నిలబడుతోంది. కొడుకును చూసి ఏడవలేదు. "చిక్కిపోయావురా చుక్కయ్యా" అని చెంప తడిమింది. చాలాసేపు చేయి తీయలేదు. తర్వాత పక్కనున్న అమ్మాయిని చూసింది.

"ఎవర..." అని ఆగిపోయింది. ఆ మాట ఒకసారి తాను ఎవరిని అడిగిందో గుర్తొచ్చింది. "ఎండన పడి వచ్చావు తల్లీ. కాళ్ళు కడుక్కుని రా, అన్నం తిందువు గాని" అంది.

మంచి ముహూర్తం చూశారు. చుక్కయ్యకూ హేమలేఖకూ పెళ్ళి. పందిట్లో ఒక పక్క మగపెళ్ళివారి చాపల మీద చీమ దూరే సందు లేదు. రెండో పక్క ఆడపెళ్ళివారి చాపలన్నీ ఖాళీ. పెళ్ళికూతురు ఆ ఖాళీ వైపు చూడకూడదని తల వంచుకుని కూర్చుంది.

మాలినీదేవి రాజుగారి పక్కనుంచి లేచింది. పందిరి మధ్యనుంచి నడిచి వెళ్ళి అటు పక్క మొదటి చాప మీద కూర్చుంది.

"ఏమిటది? పెళ్ళికొడుకు తల్లివి నువ్వు" అన్నాడు రాజు.

"ఇవాళ్టికి నేను ఆడపెళ్ళిదాన్ని. మా పిల్లకు మర్యాదల్లో ఏ లోటు చేసినా మీ మగపెళ్ళివారితో పోట్లాడతాను" అంది రాణి.

ఆమె వెనకే ముసలి కాపలా తాత లేచి వెళ్ళాడు. అన్నలిద్దరూ వెళ్ళారు, వంటవాళ్ళు వెళ్ళారు. కాసేపటికి ఇటు పక్క రాజుగారూ, పురోహితుడూ, చాప అంచున ఒక ఎలుకా మిగిలారు. పెళ్ళికూతురు అప్పుడు తలెత్తి చూసింది.

ఆ తర్వాత అన్నలు సూర్యుడి దిక్కు ఒకరు, చంద్రుడి దిక్కు ఒకరు ఏలుకోగా, గవ్వలకోటను చుక్కయ్య, హేమలేఖ తలలు నెరిసేదాకా చల్లగా పాలించారు. పుట్టినిల్లు ఎక్కడమ్మా అని హేమలేఖను ఎవరైనా అడిగితే, ఆమె అత్తగారి వంటింటి వైపు చూపించేది.