పని చెప్పని తోట

కొండ మీది మఠంలో శిష్యుడు పసాంగ్‌కి తోట పని అప్పజెప్పారు. తీరా చూస్తే ఆ తోటకి తోటమాలే అక్కర్లేదు. అదీ అతనికొచ్చిన కష్టం.

అవి కోన్‌పూల మొక్కలు. మధ్యలో గరుకు బొడిపె, చుట్టూ కిందికి వాలిన ఊదారంగు రేకులు. ఏనాడో ఎవరో నాటిపోయారు. చలికాలంలో పైకి చచ్చినట్టే ఉంటాయి, ఎండలు ముదరగానే వేరు నుంచి మళ్లీ అవే లేస్తాయి. నీళ్లు పోయకపోయినా అలగవు. ఎరువు వేస్తే మాత్రం ఏపుగా పెరిగి నేలకి ఒరిగిపోతాయి.

కొండ మీద ఉండేది ఇద్దరే. గురువు రిగ్జిన్ మాటల మనిషి కాదు. పొద్దున్నే టీ గిన్నె పట్టుకుని మెట్టు మీద కూర్చుంటాడు, తోటకేసి చూస్తాడు, అంతే. ఆ మౌనం పసాంగ్‌ని తినేసేది. పలకరించేవాళ్లు లేకపోతే లేకపోయారు, చేతికి పనైనా ఉండాలి కదా.

"గురువుగారూ, నేను కొండ దిగి వెళ్లిపోతాను," అన్నాడొకరోజు. "ఇక్కడ నా అవసరం ఎవరికీ లేదు. ఆ మొక్కలకి కూడా."

రిగ్జిన్ తోటకేసి చూశాడు. "రేపు ఎండ వచ్చాక వెళ్దువుగాని," అన్నాడు.

పోయేముందు ఒక్క పనైనా చేసి పోదామనుకున్నాడు పసాంగ్. రేకులు ఎప్పుడో రాలిపోయి, నల్లబడ్డ బొడిపెలతో ఎండు కాడలు మిగిలాయి. కొడవలి తీసుకుని సాయంత్రానికల్లా అన్నీ కోసి కుప్ప పోశాడు. తోట శుభ్రంగా, చూడముచ్చటగా అనిపించింది. ఆ రాత్రి కుప్ప మీద మంచు కురిసింది.

తెల్లారాక బొడిపెల్లోని గింజల కోసం పిట్టలు వచ్చాయి. కాడలుండే చోట గాల్లోనే తచ్చాడి, వాలడానికేమీ లేక అరుచుకుంటూ వెళ్లిపోయాయి.

గురువు టీ తాగడం ఆపేశాడు. ఇంటికొచ్చిన చుట్టాలు గుమ్మంలోంచే వెళ్లిపోతే చూస్తూ ఉండిపోయినవాడిలా ఉన్నాడు. ఆయన రోజూ ఎవరికోసం కూర్చుంటున్నాడో పసాంగ్‌కి అప్పుడు తెలిసింది. సిగ్గుతో చచ్చిపోయాడు.

పరుగెత్తి కుప్పలోంచి కాడలు లాగి, మళ్లీ నేలలో గుచ్చబోయాడు. మట్టి గడ్డకట్టి రాయిలా ఉంది. ఒక్కటీ దిగలేదు.

రిగ్జిన్ మెల్లగా వచ్చాడు. గుప్పెడు కాడలు ఏరి, మంచు దులిపి, శిష్యుడి చేతిలో పెట్టి, ఆ చేతిని ముందుకు చాపించాడు.

"ఎంతసేపు, గురువుగారూ?"

"పని లేదన్నావుగా. నిన్నటిదాకా ఇది ఈ కాడల పని."

"పిట్టలు ఇక రాకపోతే?"

"రాని రోజు కూడా ఈ కాడలు నిలబడే ఉండేవి," అని ఆయన వెళ్లి తన చోట కూర్చున్నాడు.

పసాంగ్ చేయి తిమ్మిరెక్కింది. ముక్కు కారుతున్నా తుడుచుకోలేదు. పుట్టి బుద్ధెరిగాక అంత ఒంటరిగా అతనెప్పుడూ లేడు.

ఎండ కాస్త పైకొచ్చాక ఒక పిట్ట వచ్చింది. బొడిపె మీద వాలి, తల వంచి, గింజ లాగింది. దాని బరువు అతని మణికట్టుకి తెలిసింది.

గురువుగారిని పిలిచి చూపించాలనిపించింది. మాట గొంతుదాకా వచ్చింది. పిలిస్తే పిట్ట ఎగిరిపోతుంది.

ఊరుకున్నాడు. అటు గురువు కూడా నోరు విప్పలేదు.