పొట్టేలును మోసిన మహారాజు

రాళ్లెక్కువ, వానలు తక్కువ అయిన ఒకానొక రాజ్యాన్ని రణభీముడనే రాజు ఏలేవాడు. ఆయనకు అన్నీ పెద్దవే కావాలి. కిరీటం పెద్దది, మీసం పెద్దది, ఇక మాటల సంగతి సరేసరి.

అలాంటాయనకు పడమటి దేశపు వర్తకులు దూడలంతేసి తెల్ల పొట్టేళ్లను అంటగట్టిపోయారు. రాజు మురిసి ముక్కలైపోయాడు. "మనవీ ఒక గొర్రెలేనా? నల్లగా, పొట్టిగా! నల్ల పొట్టేళ్లన్నింటినీ విందుకు కోసేయండి. ఇకమీదట నా తెల్లవాటి సంతతే మిగలాలి" అని చాటింపు వేయించాడు.

మర్నాడు కొమురవ్వ అనే, గొర్రెలు కాచే కురుమ ఇల్లాలు ఏడుస్తూ తిప్పరసు గుమ్మంలో కూలబడింది. తిప్పరసు ఆస్థానంలో మాటకారి.

"తాతల నాటి జాతి అయ్యా! చెడకుండ కాపాడుకుంటొచ్చిన. ఉన్నదే చిన్న మంద, దానికి ఒక్కటే పొట్టేలు. దాన్ని గూడ గుంజుకపోయిండ్రు. అది పోతే జాతే పాయె!"

తిప్పరసు ఎలాగైనా దాన్ని విడిపించాలనుకున్నాడు. కానీ రాజు మాట తప్పు అని సభలో అన్నవాడు కొలువులో మిగలడు. అందుకని నేరుగా రాజు దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకు నిలబడ్డాడు.

"ప్రభూ, దివ్యమైన ఆజ్ఞ! ఒక్క లాంఛనం మిగిలింది. కొత్త మందను మొదటిసారి మేతకు తోలేనాడు యజమాని ముందు నడవాలి. నడవలేని జీవాన్ని తన భుజానెత్తుకోవాలి. లేకపోతే ఆ మంద ఆయనదని కురుమలు ఒప్పుకోరు. విందు కూడా మంద మేసే బీడులోనే పెట్టుకుందాం."

"నా పొట్టేళ్లు నడవలేకపోవడమా!" అని రాజు పకపకా నవ్వి, సరేనన్నాడు.

మేళతాళాలతో మంద కదిలింది. ఎండ మండిపోతోంది, నేలంతా గులకరాళ్లు. ఊరి పొలిమేరైనా రాకముందే ఓ తెల్ల పొట్టేలు నాలుక వెళ్లబెట్టి చతికిలబడింది. కొట్టినా లేవదు, బతిమాలినా లేవదు.

దారికి అటూ ఇటూ జనం. రాజు ఇక తప్పక దాన్ని భుజానికెత్తుకున్నాడు. నాలుగడుగులు వేసేసరికి కిరీటం ముక్కు మీదికి జారింది.

"ఒరేయ్ తిప్పరసూ, కాస్త నువ్వు పట్టరా!"

"అమ్మో! నేనెత్తుకుంటే మంద నాదైపోతుంది ప్రభూ, ఆనవాయితీ!"

"ఇంకెంత దూరం?"

"చాలా ఉంది. అదుగో, వెనక ఇంకో రెండు కూర్చున్నాయి."

రాజు ఆగాడు. వెనక్కి తిరిగి చూశాడు. ఆ రెండింటి పక్కనుంచే, కోతకు తోలుకొస్తున్న కొమురవ్వ నల్ల పొట్టేలు దారిపక్క తుమ్మకాయలు నములుతూ చలాకీగా నడిచొస్తోంది.

రాజుకు ముందు కోపం వచ్చింది. ఆ తర్వాత భుజం మీది పొట్టేలు 'మే' అని ఆయన చెవిలో అరిచింది. ఇక ఆపుకోలేక దాన్ని కిందికి దించి, పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నన్నే గొర్రెను చేశావు కదరా! ఆ నల్లవాటిని ఎవరివి వాళ్లకు ఇచ్చేయండి. చాటింపు రద్దు!" అంటూ మెడలోని హారం తీసి తిప్పరసుకు వేశాడు.

జనంలోంచి కొమురవ్వ పరుగున వచ్చి, తన పొట్టేలు మెడను వాటేసుకుని బావురుమంది. తర్వాత కళ్లు తుడుచుకుని ఇంటిదారి పట్టింది. తాడు లేకుండానే అది ఆమె వెంట నడిచింది.

రాజు భుజం రుద్దుకుంటూ అడిగాడు. "ఆ నల్లదాన్నెప్పుడూ ఎవరూ ఎత్తుకోనక్కర్లేదా?"

"ఎత్తుకోబోతే పొడుస్తుంది ప్రభూ!"