ముప్పై బుర్రలకు పదును

దుంపలవలసలో బొంతల వారింట్లో ముగ్గురే ముగ్గురు. పెద్దది దాలమ్మ, నడిమివాడు గవర్రాజు, కడగొట్టువాడు సూరీడు. ఊరందరికీ రావలసిన తెలివి దారి తప్పి తమ ఇంట్లోనే పోగుపడిపోయిందని ముగ్గురికీ గట్టి నమ్మకం. పాపం, మిగతా ఊరు ఎలా నెట్టుకొస్తోందో అని గవర్రాజుకి అప్పుడప్పుడూ జాలేసేది కూడా.

ఓ వేసవిలో పేపర్లో ప్రకటన పడింది. కొండ మీద కాఫీ తోటల్లో అతి తెలివైన పిల్లలకి నెలరోజుల శిబిరమట. వాళ్ళని కనిపెట్టుకుని ఉండడానికి మనుషులు కావాలట.

"అతి తెలివైన పిల్లల్ని చూడాలంటే వాళ్ళని మించిన తెలివుండాలి కదేటప్పా?" అని అక్కనడిగాడు గవర్రాజు.

"ఉండాల," అంది దాలమ్మ.

"అలాంటోళ్ళు ఈ చుట్టుపక్కల ఎవరున్నారు?"

ముగ్గురూ ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. అంతే, మూటలు కట్టేశారు.

శిబిరం నడిపే విశాలాక్షి మేడం అప్పటికే కంగారులో ఉంది. వస్తామన్న కాలేజీ కుర్రాళ్ళు ఎగ్గొట్టారు. ముప్పైమంది పిల్లలు మాత్రం దిగిపోయారు. "మీకేం వచ్చు?" అనడిగింది.

"మీరు చెప్పినమాట ఒక్క అక్షరం కూడా తప్పమమ్మా," అన్నాడు గవర్రాజు.

"నాక్కావలసింది అదే!" అని ఆవిడ పొంగిపోయి ముగ్గుర్నీ పనిలో పెట్టేసుకుంది.

పిల్లల్ని చూస్తే గవర్రాజు మనసు చివుక్కుమంది. పదేళ్ళు నిండలేదు, ఒక్కొక్కడి మొహం రిటైరైపోయిన హెడ్మాస్టర్లా ఉంది. వాళ్ళలో నైమిష అని ఎనిమిదేళ్ళ పిల్ల. ఐదంకెల గుణకారం నోటితో చేసేస్తుంది గానీ నవ్వడం రాదు. "దానికి నవ్వే తీరికెక్కడిదండీ, పరీక్షలున్నాయిగా," అని గర్వంగా చెప్పి వెళ్ళింది వాళ్ళమ్మ.

"ఈ పిల్ల నవ్వకుండా ఇంటికెళ్ళిందంటే మన తెలివెందుకప్పా, తగలెయ్యనా?" అన్నాడు గవర్రాజు ఆ సాయంత్రం.

మర్నాడు పొద్దున్నే మేడం, "పిల్లల మీద ఓ కన్నేసి ఉంచండి," అని చెప్పి ఊళ్ళోకి వెళ్ళింది.

"ఒక్క కన్నే అంది," అన్నాడు సూరీడు. "రెండోది వేస్తే మాట తప్పినట్టే."

ఇంకేముంది, ముగ్గురూ తువ్వాళ్ళు చింపి తలా ఓ కంటికి గంతలు కట్టుకున్నారు. గంత ఉన్నవైపు ఏముందో కనపడక సూరీడు భోజనాల పందిరి గుంజని గుద్దుకున్నాడు. గుంజ కదిలి పందిరి వాలింది. పందిరి వాలి దాలమ్మ వడ్డిస్తున్న ఉప్మా గిన్నె గవర్రాజు నెత్తిమీద బోర్లాపడింది. నైమిష పెదవి కొస కొంచెం వణికింది. నవ్వు కాదు గానీ దాని పక్కింటిది.

తిరిగొచ్చిన మేడం పందిరి చూసి ఏడవలేక, "అయ్యా, మనం ఇక్కడికొచ్చింది పిల్లల బుర్రలకి పదును పెట్టడానికి! అది గుర్తుంచుకోండి," అంది.

అంతే. మధ్యాహ్నానికి సూరీడు సానరాయి పట్టుకొచ్చాడు. పిల్లల్ని వరసగా కూర్చోబెట్టారు.

"ఆగరా! తడపకుండా కత్తినే సాన పట్టం, బుర్రని పడతామేటి?" అని గద్దించింది దాలమ్మ.

"అదీ తెలివంటే," అని మెచ్చుకుని గవర్రాజు ముప్పై తలల మీదా బిందెలతో కొండనీళ్ళు గుమ్మరించాడు. మొదటి పిల్లాడి నెత్తికి రాయి ఆనించే లోపల మేడం కేకలు పెట్టుకుంటూ పరిగెత్తుకొచ్చింది. బుర్రలు పదునెక్కలేదు గానీ ముప్పైమందికీ జలుబెక్కింది. తరగతులు వారంపాటు ఆపేశారు. పిల్లలు ఆ వారం గవర్రాజుని కంటికి కనపడిన దేవుడిలా చూసుకున్నారు.

జలుబు తగ్గాక మేడం గట్టిగా చెప్పింది. "ఇంకో పొరపాటు జరిగితే శిబిరం మూసుకోవాల్సిందే. ఒక్క పిల్లాడు కూడా గేటు బయట కాలు పెట్టకూడదు!"

ముగ్గురూ గేటు దగ్గరే కాపలా కూర్చున్నారు. కాసేపటికి నైమిష వచ్చింది.

"మావయ్యా, కాలే కదా పెట్టకూడదంది? నన్ను వీపున వేసుకుంటే నా కాలు ఎక్కడా పెట్టినట్టు కాదుగా?"

గవర్రాజు ఆలోచించాడు. ఎటు తిప్పినా పిల్ల మాటలో తప్పు దొరకలేదు. "తల్లీ, అచ్చం మా ఇంటి తెలివే నీది!" అన్నాడు ఆనందం పట్టలేక.

ఇంకేముంది, ముగ్గురూ తలో పదిమందినీ మోసి కిందున్న వాగు దగ్గర దించారు. మేడం బడిగంట కొడితే ఒక్కళ్ళూ రాలేదు. గుండె చేత్తో పట్టుకుని వెతుక్కుంటూ వచ్చేసరికి ముప్పైమందీ చీలమండ లోతు నీళ్ళలో గంతులేస్తున్నారు. గవర్రాజు రొప్పుతూ చేతులు కట్టుకుని, "దారిలో ఒక్కడి కాలూ నేల తగలనివ్వలేదమ్మా," అన్నాడు. అది విని నైమిష నవ్వింది. వాగు గట్టున పొట్ట పట్టుకుని, ఎక్కిళ్ళొచ్చేదాకా నవ్వింది. గవర్రాజు కళ్ళు తుడుచుకున్నాడు. మేడం కూడా తుడుచుకుంది, వేరే కారణానికి.

ఆఖరి రోజొచ్చింది. తల్లిదండ్రులు కింద ఊళ్ళో ఒకే బస్సు మాట్లాడుకుని వస్తున్నారు. అదే బస్సులో పిల్లలతో కలిసి తిరిగి వెళ్ళాలి. ప్రశంసాపత్రాలు రాసుకుంటూ మేడం తలెత్తకుండా చెప్పింది. "వచ్చినవాళ్ళని వచ్చినట్టు బస్సెక్కించి పంపించేయండి. ఇంకాసేపు ఉంటామని బతిమాలతారు, వినకండి. ఘాట్ రోడ్డులో వాన పట్టుకుంటుంది."

బస్సు ఆగింది. తల్లిదండ్రులు దిగారు.

"వచ్చినవాళ్ళు వచ్చేశారు," అన్నాడు సూరీడు.

అంతే, ముగ్గురూ వాళ్ళ మీద పడ్డారు. "ఎక్కండెక్కండి!" అంటూ దిగినవాళ్ళని దిగినట్టే లోపలికి తోశారు. ఓ డాక్టరుగారు తలుపు పట్టుకుని వేలాడాడు.

"మా అబ్బాయి అండీ!"

"బతిమాలతారని అమ్మ ముందే చెప్పింది," అని దాలమ్మ ఆయన వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది. వానొస్తుందనగానే డ్రైవరు బస్సు కదిపేశాడు. పిల్లలు గేటెక్కి కేరింతలు కొడుతూ చేతులూపారు. వెనక కిటికీలోంచి నైమిష వాళ్ళమ్మ, పడీ పడీ నవ్వుతున్న కూతుర్ని నోరు తెరుచుకుని చూస్తూ మలుపు తిరిగిపోయింది.

ప్రశంసాపత్రాల కట్టతో బయటికొచ్చిన మేడంకి ముప్పైమంది పిల్లలూ కనపడ్డారు, బస్సు కనపడలేదు. సంగతి విని నేలమీద కూలబడింది. "నా కొంప ముంచేశారు కదయ్యా!"

ముగ్గురూ బిత్తరపోయారు. కొంప మునిగితే చూస్తూ ఊరుకుంటారా? బకెట్లు పట్టుకుని ఆవిడ ఆఫీసు గదిలోకి పరిగెత్తారు. లోపల నేలంతా పొడిపొడిగా ఉంది.

"తోడేద్దామంటే చుక్క నీళ్ళు లేవేటప్పా?" అన్నాడు గవర్రాజు.

దాలమ్మ నడుం మీద చెయ్యేసుకుని ఆలోచించింది. "లేకపోతే తోడేదెలాగరా? ముందు పొయ్యండి."

అంతే. చీకటి పడేలోగా మోకాటి లోతు నింపారు.