గింజ గుండెకు రెండు దారాలు

ఒకప్పుడు గుండె తనంతట తాను కొట్టుకునేది కాదు. ఎవరైనా "కొట్టుకో" అని చెబితేనే కొట్టుకునేది. ఊపిరీ అంతే. "పీల్చు" అంటే లోపలికి వచ్చేది, "వదులు" అంటే బయటికి పోయేది. చెప్పడం మరిచిపోతే రెండూ పని మానేసి కూర్చునేవి.

అందుకని అడవిలో ఏ జంతువూ ఒక్క మాట తిన్నగా మాట్లాడేది కాదు. "ఏం వదినా, కొట్టుకో, బాగున్నావా, కొట్టుకో, పిల్లలు, పీల్చు, ఎదిగారా, వదులు" ఇదీ వరస. కుశలం అడగడం పూర్తయ్యేసరికి పొద్దు వాలిపోయేది. కోతుల సంగతి మరీ ఘోరం. కొమ్మ మీంచి కొమ్మ మీదికి దూకేటప్పుడు పాపం కొమ్మను చూసుకోవాలా, గుండెను చూసుకోవాలా? కథంతా అలాగే చెబితే మీరు లేచి వెళ్లిపోతారు గనక, ఆ కొట్టుకోలూ పీల్చులూ వదిలేసి చెప్పుకుందాం.

మెలకువగా ఉన్నంతసేపూ ఎలాగో గడిచేది. మరి నిద్రపోతే?

దానికి ఒక ఆచారం ఉండేది. ప్రతి జంతువుకూ ఒక జోడు. ఒకరు పడుకుంటే ఇంకొకరు పక్కన కూర్చుని వీపు మీద తట్టాలి. ఒక్కో తట్టుకు గుండె ఒక్కసారి కొట్టుకుంటుంది. నాలుగు తట్లకు ఒక ఊపిరి. వాళ్లు లేచాక వీళ్లు పడుకోవాలి. జోడుతో పోట్లాడినవాళ్లకు ఆ రోజు నిద్ర ఉండదు. అందుకే ఆ అడవిలో పోట్లాటలు బాగా తక్కువ.

పుట్టిన పిల్లలకు చెప్పుకోవడం రాదు కదా. కొన్నాళ్లదాకా వాటిని పగలూ రాత్రీ తల్లే తట్టాలి. తల్లి పడుకుంటే, తల్లి జోడు వచ్చి ఒక కాలితో తల్లినీ ఇంకో కాలితో పిల్లనూ తట్టేది.

ఆ అడవిలో పొడలి అనే దుప్పి ఉండేది. ఏటి ఒడ్డున రెల్లుపొదలో దానికి మొదటి కాన్పు అయింది. పుట్టిన పిల్ల మరీ చిన్నది. దాన్ని చూసి పొడలి మురిసిపోయి, గింజ అని పేరు పెట్టుకుంది. పొడలికి జోడు తన సొంత అక్క మచ్చమ్మ. కాన్పు రోజు అక్కే పక్కన ఉండి అన్నీ చూసింది. మర్నాడు మేతకని ఏరు దాటి వెళ్లింది. ఆ పూటే కొండల్లో పెద్ద వాన కురిసి ఏరు పొంగింది. అక్క అవతలి గట్టున, చెల్లెలు ఇవతలి గట్టున చిక్కుకుపోయారు.

"చెల్లే! నిద్రపోబాకే!" అని మచ్చమ్మ అవతల్నుంచి గొంతు చించుకుని అరిచింది. "నీళ్లు తగ్గంగానే వస్తా! ఇక్కడ నన్ను తట్టేవాళ్లు ఎవరో ఒకరు దొరుకుతారు! నువ్వు మాత్రం కన్ను మూయబాకే!"

పొడలి కన్ను మూయలేదు. ముందుకాలు పిల్ల వీపు మీద వేసి తడుతూ కూర్చుంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఊపిరి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఊపిరి. ఒక రోజు గడిచింది. రెండు రోజులు గడిచాయి. మోకాలు వాచింది. నోటికి అందిన రెల్లు ఆకు కొరుక్కుంటూ తట్టింది. ఏటి నీళ్లు మాత్రం తగ్గలేదు.

నాలుగో రోజు ఎండపూట, ఒక్క రెప్పపాటు పొడలి తల వాలింది. కాలు ఆగింది. గింజ మెడ వాలిపోయింది, ముక్కు చల్లబడింది. పొడలి ఉలిక్కిపడి లేచి దబదబా తట్టింది. పిల్ల మళ్లీ కదిలింది. అప్పటిదాకా ఏడవని పొడలికి అప్పుడు ఏడుపు వచ్చింది. ఇంకోసారి ఇలా తల వాలితే తాను లేస్తుందో లేదో అనుకుంది.

పైన మద్దిచెట్టు మీద వడ్రంగిపిట్ట ఒకటి కనబడింది. "అన్నా, ఒక్క కునుకు తీస్తాను. కాస్త నా పిల్లను తట్టిపెడతావా? దాని గుండె నిలకడగా ఉంటే నన్నూ తడుదువుగాని" అని బతిమాలింది పొడలి.

"తట్టడంలో మనల్ని మించినోడు ఎవడమ్మా?" అంటూ పిట్ట దిగి వచ్చింది. పని అయితే మొదలుపెట్టింది గానీ దానికి తెలిసిన వేగం ఒక్కటే. టకటకటకటకటక. గింజ కళ్లు తేలేసింది. నాలుక బయటికి వచ్చింది. పడుకున్న పిల్ల గుండె పరుగెత్తే గుర్రం గుండె అయిపోయింది.

"చాలన్నా, చాలు! నీకు దణ్ణం పెడతా!" అని పొడలి మళ్లీ తానే అందుకుంది.

పిట్టకు బాధేసింది. ఏటిగట్టుకు పోయి తాబేలును తీసుకొచ్చింది. "ఈ తాత నాకంటే నెమ్మదమ్మా" అంది. నెమ్మదే. ఆ మాటలో అబద్ధం లేదు. తాబేలు తాత ఒకసారి తట్టి, చుట్టూ చూసి, "వాన మళ్లీ వచ్చేట్టుందే" అని, గొంతు సవరించుకుని, అప్పుడు రెండోసారి తట్టేవాడు. గింజ కాళ్లు చల్లబడ్డాయి. పొడలి తాతను కూడా పక్కకు జరిపింది.

"నా వల్ల కాదు తల్లీ" అని పొడలి పిల్ల చెవి నాకింది. "నువ్వు పుట్టి నాలుగు రోజులు. నేను ఇంకెన్ని రోజులు లేచి ఉండాలో నాకు తెలియదు."

అప్పుడు దాని కళ్లకు ఎదురుగా, రెండు రెల్లుకర్రల నడుమ, సాలవ్వ కనబడింది. ముసలి సాలెపురుగు. వానకు సగం చిరిగిన గూడులో, ఎనిమిది కాళ్లూ ముడుచుకుని హాయిగా గుర్రు పెడుతోంది. పక్కన జోడు లేదు. తట్టేవాళ్లు లేరు. అయినా పొట్ట ఎగసి పడుతూనే ఉంది. అంతలో ఒక దోమ వచ్చి గూడు చివర తగులుకుంది. సాలవ్వ తటాలున లేచి, దోమను పట్టి, మింగి, మళ్లీ వచ్చి పడుకుంది.

"అవ్వా! అవ్వా! నిన్ను ఎవరు తడుతున్నారు?"

"ఎవరో ఎందుకు తట్టాలి?" అని సాలవ్వ విసుక్కుంది. "నా గూడులో ఏ మూల కదిలినా దారం నాకు చెబుద్ది. నా లోపల కూడా అట్టాగే కట్టుకున్నా. నేను పడుకుంటా, దారం మేలుకునుంటుంది."

"ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదేం?"

"ఎవరన్నా అడిగితేగా! నా గూడు తగిలితే మొహం తుడుచుకుంటా పొయ్యేవాళ్లే అంతా."

పొడలి తల వంచింది. తానూ ఎన్నోసార్లు అలా మొహం తుడుచుకుని పోయింది. "తప్పయిపోయిందవ్వా. నా పిల్లకు కట్టిపెట్టు" అంది.

సాలవ్వ దిగివచ్చి గింజ ఛాతీ మీద చెవి పెట్టి వింది. చాలాసేపు వింది. దాని విసుగంతా పోయింది.

"పిచ్చిదానా, నాలుగు రోజులు నువ్వు తట్టిన తట్టుకు దీనికి కొట్టుకోవడం వచ్చేసిందే. ఎప్పుడు ఎంత వేగంగా కొట్టుకోవాలో అదే తెలీదు. ఆ తెలివి లేక ఎవరో చెప్పాలని కూచోనుంది."

"అయితే ఎవరు చెప్పాలి?"

"ఇందాక నువ్వు తరిమేశావే, ఆ ఇద్దరూ" అని సాలవ్వ నవ్వింది. "ఆ పిట్ట ఒక్కడే ఉంటే గుండె పగిలిపోద్ది. ఆ తాత ఒక్కడే ఉంటే ఆగిపోద్ది. ఇద్దరూ కావాలి. తొందరపెట్టే దారం ఒకటి, నిదానించే దారం ఒకటి. చెరోపక్క పట్టుకునుంటే గుండె నడుమ నిలబడుద్ది." అంతలోనే దాని మొహం చిన్నబోయింది. "కానీ పొడలీ, వానకు గూడు పోయింది. నాలుగు రోజుల్నించి ఒక్క దోమే దక్కింది. నా కడుపులో దారం ఒకరికే వస్తుంది. నీకా, పిల్లకా?"

"గింజకు" అంది పొడలి. అవ్వ అడగడం పూర్తి కాకముందే అంది.

సాలవ్వ గింజ చెవిలోంచి లోపలికి జారింది. మెడ వెనక, తల మొదట్లో ఒక ముడి వేసింది. ఆ ముడికి నిద్ర ఉండదు. అక్కణ్నుంచి తొందరపెట్టే దారాన్ని వెన్నెముక వెంట దింపి గుండెకు తెచ్చి కట్టింది. నిదానించే దారాన్ని మెడలోంచి తీసి, గుండెకు చుట్టి, ఊపిరితిత్తులను పలకరించి, అక్కడితో ఆగక పొట్టదాకా తీసుకుపోయింది. పొట్టకు పైన ఉన్న ఊపిరి పొరకు ఇంకో పోగు కట్టింది.

"అవ్వా" అని పొడలి బయటినుంచి పిలిచింది. "నీళ్లు తాగేటప్పుడూ గడ్డిలో దాక్కునేటప్పుడూ ఊపిరి బిగబట్టుకోవాలి. ఆ పోగు కొస మాత్రం పిల్లకే వదిలిపెట్టు."

"ఊపిరి కొస ఇస్తా. గుండె కొస ఇవ్వను. ఆటల్లో పడి మరిచిపోతే?" అంది సాలవ్వ లోపల్నుంచి.

అలసిపోయి బయటికి వచ్చి, "ఇక కాలు తియ్యి" అంది.

పొడలి కాలు తియ్యలేదు. నాలుగు రోజులుగా ఆ కాలి కిందే బిడ్డ ప్రాణం ఉంది. తీస్తే ఏమవుతుందో ఒకసారి కళ్లారా చూసింది. "తియ్యలేనవ్వా" అంది.

"నన్ను నమ్మకపోతే మానె. నీ తట్టును నమ్ము" అంది సాలవ్వ.

పొడలి కళ్లు మూసుకుని కాలు ఎత్తింది.

చప్పుడు లేదు. ఆ తర్వాత ధబ్. మళ్లీ ధబ్. ధబ్, ధబ్, ఊపిరి. పొడలి ఒళ్లంతా చెవులు చేసుకుని వింది. నూరుసార్లు వింది. తర్వాత మొహం పిల్ల మెడలో పెట్టుకుని చిన్నపిల్ల ఏడ్చినట్టు ఏడ్చింది.

ఏడుపు తగ్గేసరికి నిద్ర ముంచుకొచ్చింది. కానీ తన గుండెకు దారం లేదు కదా. తాను పడుకుంటే ఎవరు తట్టాలి? సాలవ్వ కాళ్లకు అంత బలం లేదు. పొడలి పళ్లు బిగించి, "కొట్టుకో, కొట్టుకో" అని తనకు తాను చెప్పుకుంటూ కూర్చుంది. మాటలు తడబడుతున్నాయి.

అప్పుడు దాని వీపు మీద ఏదో పడింది. చాలా చిన్నది. గింజ కాలు.

ఎవరూ నేర్పలేదు. పుట్టినప్పటినుంచీ దానికి తెలిసిన పని అదొక్కటే. అమ్మ తనకు చేసిన పని. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

"అమ్మా, నువ్వు పడుకో" అంది గింజ. అదే దాని మొదటి మాట.

పొడలి పడుకుంది. ఆ ఎండపూట, ఏటి ఒడ్డున, నాలుగు రోజుల పిల్ల తల్లికి జోకొట్టింది.

కాసేపటికి రెల్లుపొద అవతల ఈల వినబడింది. రేచుకుక్కలు. అవి ఒకదాన్నొకటి ఈల వేసి పిలుచుకుంటూ వేటకు వస్తాయి. గింజకు అదేమిటో తెలియదు గానీ దాని లోపలి ముడికి తెలిసిపోయింది. తొందరపెట్టే దారం గట్టిగా లాగింది. గింజ గుండె దడదడలాడింది. పారిపొమ్మని కాళ్లు అన్నాయి. కాళ్లు పారిపోతే అమ్మను ఎవరు తట్టాలి? గింజ కదల్లేదు. భయంతో వణుకుతూనే తట్టింది. దాని గుండె ఎంత వేగంగా కొట్టుకుంటే కాలు అంత వేగంగా పడింది.

అదే మేలు చేసింది. ఆ వేగానికి పొడలి గుండె కూడా పరుగందుకుంది. ఒంట్లోకి నెత్తురు ఉరికింది. కళ్లు తెరిచేసరికే పొడలి పరుగుకు సిద్ధంగా ఉంది.

"పద తల్లీ!"

తల్లీ పిల్లా లేచి పరుగెత్తారు. రేచుకుక్కలు ఆకలి మీదున్నా వాటికి పాత తిప్పలే. "కొట్టుకో, పరుగెత్తు, పీల్చు, కొట్టుకో" అనుకుంటూ ఒకటొకటిగా లెక్క తప్పి చతికిలబడ్డాయి. పొడలీ నోటితో చెప్పుకుంటూనే పరుగెత్తింది గానీ, తడబడిన చోటల్లా పక్కన పరుగెత్తే గింజ గుండె చప్పుడు విని దానితో కలిపింది. ఇద్దరూ కొండచరియ ఎక్కి పెద్ద బండ వెనక్కి చేరారు.

గింజ గుండె ఇంకా దడదడలాడుతూనే ఉంది. "అమ్మా, ఇది ఆగడం లేదు" అని భయపడింది.

"ఊపిరి కొస నీ దగ్గరే ఉంది కదా తల్లీ. నిదానంగా పీల్చు. ఇంకా నిదానంగా వదులు."

గింజ వదిలింది. ఆ ఊపిరి వెంట నిదానించే దారం మెల్లగా లాగింది. గుండె తగ్గింది. ఇంకో ఊపిరికి ఇంకాస్త తగ్గింది.

మూడు రోజుల తర్వాత ఏరు తగ్గింది. మచ్చమ్మ ఈదుకుంటూ వచ్చింది, బతికున్న ఇద్దరినీ చూసి గట్టు మీదే కూలబడి ఏడ్చింది. అప్పటికి సాలవ్వ కొత్త గూడు కట్టి, కడుపునిండా తిని ఉంది. పొడలికీ మచ్చమ్మకూ దారాలు కట్టింది. వడ్రంగిపిట్టకూ తాబేలు తాతకూ కట్టింది. సాలవ్వ పిల్లలు అడవి అంతా తిరిగి, లెక్క తప్పి చతికిలబడ్డ రేచుకుక్కలతో సహా, అందరికీ కట్టాయి. తర్వాత పుట్టిన పిల్లలు ఆ దారాలతోనే పుట్టారు.

ఒకరోజు సాలవ్వ అటుగా పోతూ చూసింది. గింజ పడుకుని ఉంది. పక్కన పొడలి కాలు వేసి తడుతోంది.

"ఏందే, నా దారం మీద ఇంకా నమ్మకం లేదా? దాన్ని తట్టే పని లేదుగా!"

"దాని కోసం కాదవ్వా, నా కోసం" అంది పొడలి.

అప్పటినుంచే మనం పడుకున్నా గుండె పడుకోదు, ఊపిరి పడుకోదు. భయమేస్తే మనం చెప్పకుండానే గుండె దడదడలాడుతుంది, ఊపిరి నిదానంగా వదిలితే నెమ్మదిస్తుంది. ఊపిరిని కాసేపు బిగబట్టగలం గానీ, గుండెను మాత్రం ఆగమని చెప్పలేం. ఇక ఎవరూ ఎవరినీ తట్టాల్సిన పని లేదు. అయినా అప్పటినుంచే, పిల్లలను పడుకోబెట్టే ప్రతి అమ్మా వీపు మీద చెయ్యి వేసి తడుతూనే ఉంది.