కత్తెర తగలని మూట

ఒకానొక ఏటి ఒడ్డున ఒకదాన్నొకటి తోసుకుంటూ నాలుగు రాజ్యాలుండేవి. ఎంత ఇరుకంటే, ఒక రాజుగారు తుమ్మితే పక్క రాజుగారు ముఖం తుడుచుకోవలసి వచ్చేది.

అయినా సరిహద్దు సరిహద్దే. పొరుగువాడి నేత మీద ఎవరికీ నమ్మకం లేదు. బట్టల మూట సరిహద్దు దాటితే చాలు, "నేత చూడాలి" అంటూ కావలివాడు ప్రతి బట్టకీ మూరెడు ముక్క కత్తిరించుకునేవాడు. చీరగా బయల్దేరింది తిరునాళ్ళకి చేరేసరికి చేతిగుడ్డ అయ్యేది. కావలివాళ్ళ ఎడ్లకి పట్టు గంతలు, వాళ్ళ చేలల్లో దిష్టిబొమ్మలకి జరీ అంచులు. రాజముద్ర ఉన్న మూటని మాత్రం ఎవరూ ముట్టుకునేవారు కారు. ఆ ఒక్క మర్యాదలో నాలుగు రాజ్యాలూ ఒకటే.

చివరికి మూడు రాజ్యాలు విసుగెత్తి, "సరిహద్దులెత్తేసి కూటమి కడదాం" అని నాలుగో రాజు రణధీర భూపాలుడికి కబురంపాయి. ఆయన మీసం దువ్వాడు.

"సరిహద్దు లేని రాజ్యం అంచు లేని చీర. మన ప్రజలు ఒప్పరు."

"ఎందుకు ఒప్పుకుంటారు ప్రభూ? సరిహద్దంటే వాళ్ళకి ప్రాణం," అన్నాడు మంత్రి దండపాణి. సభంతా తలలూపింది. ఆ గాలికి దీపాలు ఆరిపోయాయి.

ఊపనిది వెంగన్న ఒక్కడే. సభని నవ్వించడం అతని కొలువు. పుట్టింది మగ్గాల ఊళ్ళో. అతని అక్క గురవమ్మ నేసిన చీరలు సరిహద్దులన్నీ దాటితేగాని అమ్ముడుపోవు. మొన్ననే వచ్చి, "ఈ ఏడు కూడా ముక్కలే మిగిలితే మగ్గం పొయ్యిలో పెడతానురా తమ్ముడూ," అని చెప్పి వెళ్ళింది.

ఇంతలో రాజుగారి పుట్టినరోజు వచ్చింది. ఏటి ఆ చివరనున్న రాజ్యం నుంచి పట్టుపంచె తెచ్చే పని వెంగన్న అడిగి మరీ పుచ్చుకున్నాడు. ఆ పంచె ఎంతదంటే, రాజుగారి బొజ్జ చుట్టూ తిరిగి రావడానికి దానికి ఒక పూట పట్టేది. వచ్చే దారిలో మూట మీది ముద్ర ఊడదీసి రొంటిన దోపుకున్నాడు.

ముహూర్తానికి తెర వెనక రాజుగారు పంచె చుట్టబోయారు. అది నడుం సగం దూరం వెళ్ళి ఆగిపోయింది.

"వెంగన్నా, ఇదేమిటి, తువ్వాలా?"

"బయల్దేరినప్పుడు పంచే ప్రభూ. దారిలో సరిహద్దులు తగిలాయి."

"ముద్ర ఏమైంది?"

"నేనే తీశాను. ప్రజలకి అంత ప్రాణమైన సరిహద్దు, ప్రభువులు ఒక్కసారైనా రుచి చూడకపోతే ఎట్లాగని."

"మన సరిహద్దులో కూడా కోశారా?"

"మనవాళ్ళే ఎక్కువ కోశారు. దేశభక్తి ప్రభూ."

తెర అవతల సభంతా వింటోంది. వెంగన్న గొంతు తగ్గించలేదు. "ఆ రోజు తలలూపినవాళ్ళలో ఒక్కరి మూటకైనా ఎప్పుడన్నా కత్తెర తగిలిందేమో అడగండి. అందరి మూటల మీదా మీ ముద్రే. తగిలేవాళ్ళని ఎవరూ అడగనేలేదు."

రాజుగారు తువ్వాలు చూసుకున్నారు, బొజ్జ చూసుకున్నారు, పకపకా నవ్వారు. ఆ నవ్వుకి లేచిన కోట పావురాలు ఆ ఏడాదంతా కిందికి దిగలేదు. ఇక అక్క మగ్గం ఆడినట్టేననుకున్నాడు వెంగన్న.

"నెగ్గావురా. ఇంత తెలివైనవాడి మూటకి కత్తెర తగలకూడదు. ఇదిగో రాజముద్ర. ఇకమీదట నీ ఇంటి మూట ఏ సరిహద్దులోనూ ఎవరూ విప్పరు."

"నా ఒక్కడికి కాదు ప్రభూ, నేతగాళ్ళందరికీ" అనే మాట వెంగన్న నాలుక చివరిదాకా వచ్చింది. ముద్ర బంగారంది. అరచేతిలో బరువుగా, వెచ్చగా ఉంది. మాట అక్కడే చతికిలబడింది.

దండపాణి పక్కకి జరిగి చోటిస్తూ, "రా నాయనా, ఇక్కడ కూర్చో," అన్నాడు.

మరుసటేడు కూటమి కబురు మళ్ళీ వచ్చింది. రాజుగారు వెంగన్న వైపు చూశారు.

"తొందరేముంది ప్రభూ, ఆలోచిద్దాం," అన్నాడు వెంగన్న. రాజుగారు ఈసారి ఇంకా హాయిగా నవ్వారు.

ఆ సాయంత్రం గురవమ్మ చీరల మూటతో వచ్చింది. "ఏమైందిరా? ఎత్తేస్తారా?"

"రాచకార్యాలక్కా, అంత తేలిగ్గా తెమలవు. నీ మూట ఇటు పెట్టు, ముద్ర వేస్తాను. ఊళ్ళో మాత్రం అనకు."

"మరి మన వీధిలోవాళ్ళ మూటల సంగతి?"

"అందరికీ వేస్తే ముద్రకి విలువేముంటుంది?"

గురవమ్మ లేచి, వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చి, మూట ముందుకు జరిపింది.