సింగన్న సిగ్గుపడతాడు

అనగా అనగా, మన తాతల తాతలకి ఇంకా పాలపళ్ళు ఊడని రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక ఊళ్ళో సింగన్న అనే కుమ్మరి ఉండేవాడు. సారె తిప్పి మట్టి మీద చెయ్యి వేశాడంటే చాలు, కుండ లేచి కూర్చునేది. కళ్ళు మూసుకుని కూడా చేసేవాడు. ఆ చేతిని చూసుకుని మహా మిడిసిపడేవాడు.

ఒక్కగానొక్క కూతురికి ఇల్లరికపుటల్లుణ్ణి తెచ్చుకున్నాడు. పేరు పైడయ్య. ఇటుకలు చేసే ఇంటివాడు, సారె ముట్టి ఎరగడు.

పైడయ్య చేసిన మొదటి కుండ ఒరిగింది. సింగన్న దాన్ని సంతకి మోసుకుపోయి, నలుగురిలో పైకెత్తి, "సేతికి బుద్ధి నేదేట్రా?" అని నేలకేసి కొట్టాడు. రెండో కుండ సొట్టపోయింది. "సేతికి బుద్ధి నేదేట్రా?" భళ్ళున పగిలింది. మూడోదానికీ అదే గతి. సంతంతా విరగబడి నవ్వింది. పైడయ్య తల వంచుకుని పెంకులు ఏరుకున్నాడు.

ఆ ఏడు వానల్లో, ఒక పొద్దున సింగన్న లేవబోతే కుడిచెయ్యి లేవలేదు. పక్షవాతం కొట్టింది.

"చెయ్యి బాగానే ఉంది," అన్నాడు నాడి చూసిన వైద్యుడు. "దెబ్బ తగిలింది తలలో. తల చెప్పే మాట చేతిదాకా రావడం లేదు. చెప్పగా చెప్పగా ఆ మాట ఇంకో దారి వెతుక్కుంటుంది."

సింగన్న సారె ముందు కూర్చుని చేతిని బతిమాలాడు, తిట్టాడు, ఏడ్చాడు. అది కదల్లేదు. అప్పుడు పైడయ్య వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. మామ వేళ్ళ మీద తన వేళ్ళు వేసి మట్టికి ఆనించాడు.

"మళ్ళీ సెప్పు మావా."

వానలు వెళ్ళిపోయాయి. మళ్ళీ సెప్పు మావా. చలి వెళ్ళిపోయింది. మళ్ళీ సెప్పు మావా. ఎండలు ముదిరే వేళకి ఒక కుండ లేచింది. మూతి పక్కకి పోయి, అచ్చం అల్లుడి మొదటి కుండలాగే ఉంది.

దాన్ని పగలగొట్టబోతూ సింగన్న ఎడమచెయ్యి ఎత్తాడు. పైడయ్య ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వొద్దు మావా. సేతికి బుద్ధి నేక కాదు. ఇప్పుడిప్పుడే నేర్సుకుంతంది."

సింగన్నకి తల కొట్టేసినట్టయింది. చెయ్యి పడిపోయిన రోజున కూడా అంతగా కుంగిపోలేదు.

కుండ కాలాక సంతకి మోసుకుపోయాడు. అల్లుడి కుండలు పగలగొట్టిన చోటే పెట్టాడు. "ఇది నాను సేసిన కుండ. నవ్వండి," అన్నాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదనిపించింది ఆయనకి.

"సిగ్గుగా ఉందల్లుడూ," అన్నాడు, తలెత్తకుండానే.

"పద మావా, మట్టి ఎండిపోతంది," అన్నాడు పైడయ్య.

సింగన్న పోయి ఎన్నేళ్ళయిందో లెక్క తెలిసినవాళ్ళు లేరు. ఆ ఏటి ఒడ్డు కుమ్మరివీధిలో మాత్రం, కొత్తగా నేర్చుకునేవాడి మొదటి వంకర కుండని ఎవరూ పగలగొట్టరు. కుండలు కాల్చే ఆము పక్కన పెట్టి, అందులో పిచ్చుకలకి నీళ్ళు పోస్తారు. నేర్పేవాడు విసుగెత్తి చెయ్యెత్తాడా, దారినపోయే ముసలమ్మయినా సరే ఆగి ఒకటే మాట అంటుంది.

"దించు బాబూ. సింగన్న సిగ్గుపడతాడు."

ఎత్తిన చెయ్యి దిగిపోతుంది.