చల్లారిన అన్నం

అనగనగా ఒక రాజు. పేరు ధవళకేతుడు. ఆయనకు ముగ్గురు కొడుకులు, నిండిన ధాన్యపు కొట్లు, చావంటే కొండంత భయం. విషం పెడతారేమోనని ఆయన అన్నాన్ని ముందు ముగ్గురు నౌకర్లు రుచి చూసేవారు. వాళ్ళు బతికున్నారని తేలి రాజు ముద్ద కలిపేసరికి నెయ్యి పేరుకుపోయేది.

"కొత్త కోడళ్ళు, కొత్త చుట్టాలు! ఎవరి మనసులో ఏముందో? నాకు చావు లేదని తేలేదాకా ఈ ఇంట పెళ్ళి మాట వద్దు" అన్నాడు రాజు.

మంత్రి కూతురు పద్మగంధిని మనసారా కోరుకున్న చిన్నకొడుకు ఇందుశేఖరుడి గుండెలో రాయి పడింది.

ఏడు సముద్రాల అవతల ఘోరకంఠుడనే మాంత్రికుడు ప్రాణాన్ని చిలకలో దాచుకున్నాడట. ఆ విద్య తెమ్మన్నాడు రాజు. పెద్దవాడు మొదటి సముద్రం చూసి వెనక్కి వచ్చాడు. నడిపివాడు మూడో సముద్రం దాకా పోయి వచ్చాడు. ఇక చిన్నవాడి వంతు. పద్మగంధి అతని మూటలో బియ్యం, ఊరగాయ జాడీ పెట్టింది.

ఒడ్డున ఒక తాబేలు వెల్లకిలా పడి కొట్టుకుంటోంది. ఇందుశేఖరుడు దాన్ని తిరగేశాడు.

"మేలు చేశావు నాయనా, ఎక్కు" అంది తాబేలు. ఏడు సముద్రాలూ దాటించింది.

ఘోరకంఠుడు పంజరం ముందు కూర్చుని ఉన్నాడు. వందల ఏళ్ళుగా వాడికి అదే పని. పిల్లి వస్తుందేమో, పాము వస్తుందేమో అని కాపలా. చిలక జామపండు కొరుక్కుంటోంది.

"పండ్లు నేనే తింటాను, పాటలు నేనే పాడతాను. వాడు ఏం నమిలినా గడ్డే" అంది చిలక.

ఇందుశేఖరుడు అక్కడే పొయ్యి వెలిగించి, అన్నం వండి, ఊరగాయ కలిపాడు. "తాతా, ఒక్క ముద్దకు ప్రాణాన్ని వెనక్కి పిలుచుకో. తిన్నాక మళ్ళీ దాచుకుందువు."

మాంత్రికుడు అటూ ఇటూ చూశాడు. మంత్రం చదివాడు. ఒక ముద్ద తిన్నాడు, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. రెండో ముద్ద తిన్నాడు. మూడో ముద్దకు చిలక పంజరం తలుపు తోసుకుని ఎగిరిపోయింది.

"తాతా, చిలక!"

"పోనీరా అబ్బాయి. ఇంకో ముద్ద కలుపు."

కడుపు నిండాక వాడు మంత్రం చెవిలో చెప్పి, ఖాళీ పంజరం చేతికిచ్చాడు.

ఇందుశేఖరుడు మళ్ళీ తాబేలెక్కి ఇంటికి వచ్చి, తండ్రి ముందు ఒక పక్క పంజరం పెట్టాడు, ఇంకో పక్క పొగలు కక్కే అన్నం పెట్టాడు.

"విద్య తెచ్చాను నాన్నగారూ. నేర్చుకున్నాక మాత్రం ఈ అన్నం రుచి చిలకదే, మీది కాదు. మీకు ఏది కావాలి?"

"ముందు ఎవరైనా రుచి..." అని రాజు ఆగిపోయాడు. కొడుకు ముఖం చూశాడు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. నాలుక చుర్రుమంది. ఆ ముసలాయన పగలబడి నవ్వాడు.

"పంజరం పొయ్యిలో పడెయ్యండి. పురోహితుణ్ణి పిలవండి!"

ముగ్గురు కొడుకులకూ ఒకే పందిట్లో పెళ్ళిళ్ళయ్యాయి. రాజు ఆ తర్వాత కొన్నేళ్ళే బతికాడు. ఒక వేసవి మధ్యాహ్నం మనవడికి మామిడిపండు పిసికి ఇచ్చి, తనూ ఒకటి తిని, పడుకుని మరి లేవలేదు. అందరూ ఏడ్చారు. ఇందుశేఖరుడు, పద్మగంధి చాలాకాలం చల్లగా ఏలారు, వాళ్ళూ పోయారు.

కథ అయిపోయింది. లేవండర్రా, అన్నం చల్లారిపోతోంది.